మిస్టర్ ఫింగర్స్ అసలు చేసిందేమిటి? లారీ హర్డ్ గురించి ఒక కీబోర్డు ప్రోగ్రామర్ సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది: మిస్టర్ ఫింగర్స్ పేరుతో 1986లో వచ్చిన 'కెన్ యూ ఫీల్ ఇట్' మీరు విన్నారు. మొదటి నుంచి చివరి దాకా ఒకటే వరస, మాటలు లేవు, చెప్పుకోదగ్గ మలుపూ లేదు. అయినా దాన్ని చరిత్ర మార్చిన ట్రాక్ అంటున్నారు. దాన్ని చేసిన లారీ హర్డ్ హౌస్ సంగీతాన్ని (డ్రమ్ మెషిన్లు, సింథసైజర్లతో క్లబ్బుల కోసం చేసే నృత్య సంగీతం) కనిపెట్టారా? ల్యాప్‌టాప్‌లో సంగీతం నేర్చుకుంటున్న మీకు ఆయన దగ్గర పనికొచ్చేది ఏమైనా ఉందా?

కనిపెట్టలేదు. ఆయన మొదటి రికార్డు వచ్చేసరికి షికాగోలో హౌస్ ఉంది, దానికి పేరూ ఉంది, వినేవాళ్లూ ఉన్నారు. ఆయన చేసిందల్లా జనాన్ని ఆడించడానికే పుట్టిన యంత్రసంగీతంలోకి జాజ్ తరహా హార్మొనీని (ఒకేసారి అనేక స్వరాలు కలిపి పలికించడం), దానితోపాటు ఖాళీ జాగాను తీసుకురావడం. ఈ రోజు 'డీప్ హౌస్' అని పిలుస్తున్న దానికి మూలం అదే. పనికొచ్చేది ఉందా అంటే చాలా ఉంది. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు మొదట ఇచ్చే పాఠం ఆయన ట్రాకే.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ మాటలకు ఆధారం ఉండదు. సినిమా పాటల సెషన్లలో చాలా ఏళ్లు కీబోర్డులు ప్రోగ్రామ్ చేశాను. ఇప్పుడు సెషన్లు తగ్గించి, హైదరాబాదులో కొద్దిమంది కుర్రవాళ్లకు సింథసైజర్లు, మిక్సింగ్ నేర్పుతున్నాను. క్లబ్బుల్లో రికార్డులు వేసే డీజేని కాను. కాబట్టి హౌస్‌ను నేను వేదిక వైపు నుంచి కాక కీబోర్డు వైపు నుంచి చూస్తాను. ఈ సమాధానంలో ఆ పక్షపాతం కనిపిస్తుంది.

ముందు నేపథ్యం, క్లుప్తంగా. 1977లో న్యూయార్కు నుంచి ఫ్రాంకీ నకల్స్ అనే డీజే షికాగో వచ్చి వేర్‌హౌస్ అనే క్లబ్బులో రికార్డులు వేయడం మొదలుపెట్టారు. అక్కడికి ఎక్కువగా వచ్చేది నల్లజాతి, లాటినో యువకులు, వాళ్లలోనూ ఎక్కువమంది గే యువకులు. ఈ సంగీతానికి పేరు ఆ క్లబ్బు నుంచే వచ్చిందని చెబుతారు. 1979 జూలై 12న అదే నగరంలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో ఒక రేడియో వ్యాఖ్యాత పిలుపు మీద డిస్కో రికార్డులను గుట్టపోసి పేల్చేశారు. పెద్ద కంపెనీలు డిస్కో నుంచి తప్పుకున్నాయి. కొత్త రికార్డులు రావడం తగ్గింది, క్లబ్బులకు మాత్రం జనం రావడం తగ్గలేదు. ఆ లోటును డీజేలు పాత పాటలను టేపు మీద కత్తిరించి సాగదీసి, కింద డ్రమ్ మెషిన్ కలిపి పూడ్చుకున్నారు. తర్వాత ఏకంగా సొంత ట్రాకులే చేసుకోసాగారు. 1984లో జెసీ సాండర్స్ 'ఆన్ అండ్ ఆన్' రికార్డుగా వచ్చింది. తొలి హౌస్ రికార్డు ఏదని అడిగితే ఎక్కువమంది దాని పేరే చెబుతారు.

ఇప్పుడు లారీ హర్డ్. 1960లో షికాగోలో పుట్టారు. ఇంట్లో పియానో ఉంది, జాజ్ రికార్డులు, మోటౌన్ అనే కంపెనీ సోల్ సంగీతం రికార్డులు ఉన్నాయి. అయినా వేదిక మీద ఆయన వాయించింది డ్రమ్స్. పదిహేడో ఏట నుంచి బ్యాండుల్లో డ్రమ్మరు. వాటిలో ఇన్‌ఫినిటీ అనే జాజ్ ఫ్యూజన్ బృందం ఒకటి. తర్వాత 'నో వే బ్యాక్' అనే హౌస్ ట్రాకు చేసిన అడోనిస్ కూడా అందులో ఉండేవారు. బ్యాండులో డ్రమ్మరు స్థానం ఎలాంటిదో వాయించినవాళ్లకు తెలుసు. తాళం తప్పకూడదు, బాణీ విషయంలో నోరు మెదపకూడదు. తలలో ఉన్న స్వరాలకు అక్కడ చోటు దొరకక ఆయన బయటికి వచ్చారు. 1984 ప్రాంతంలో రోలాండ్ కంపెనీ జూపిటర్-6 సింథసైజర్ కొన్నారు. దానితో పాటు ఒక డ్రమ్ మెషిన్, రెండు క్యాసెట్ డెక్కులు. ఒక డెక్కులో వాయించింది మోగుతూ ఉండగా దాని మీద ఇంకొకటి వాయిస్తూ రెండో డెక్కులో రికార్డు చేసుకోవడం, అదే ఆయన స్టూడియో.

అప్పట్లో ఆయనకు ప్రభుత్వ సామాజిక భద్రతా కార్యాలయంలో ఉద్యోగం ఉండేది. పగలు ఫైళ్లు, రాత్రి కీబోర్డు. రికార్డులు వచ్చిన తర్వాత కూడా కొంతకాలం ఆ ఉద్యోగం వదల్లేదు. ఈ విషయం నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లకు పదేపదే చెబుతాను. ఇంజనీరింగ్ ఉద్యోగం మానేస్తేనే సంగీతం వస్తుందని వాళ్లలో సగం మందికి ఎవరో చెప్పి పంపిస్తారు.

ఆ క్యాసెట్ల మీదే 'మిస్టరీ ఆఫ్ లవ్' పుట్టింది. 1985లో సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) అలీవియేటెడ్ మీద విడుదలైంది. మరుసటి ఏడాది గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ గొంతుతో డీజే ఇంటర్నేషనల్ లేబుల్ మీద పెద్ద ఎత్తున వచ్చింది. హర్డ్, ఓవెన్స్, రాన్ విల్సన్ ముగ్గురూ కలిసి ఫింగర్స్ ఇంక్ అనే బృందంగా ఏర్పడ్డారు. ఒంటరిగా చేసినవి మిస్టర్ ఫింగర్స్ పేరుతో వచ్చేవి.

1986లో ట్రాక్స్ లేబుల్ మీద వచ్చిన మిస్టర్ ఫింగర్స్ రికార్డే మీరు అడిగింది. ఆ రికార్డును ఒక్క ట్రాకుగా కాక మొత్తంగా వినండి. 'కెన్ యూ ఫీల్ ఇట్' పక్కనే 'వాషింగ్ మెషిన్', 'బియాండ్ ద క్లౌడ్స్' ఉన్నాయి. 'వాషింగ్ మెషిన్'లో పాట అనదగింది ఏమీ లేదు, ఒక సింథ్ శబ్దం గింగిరాలు తిరుగుతూ ఉంటుంది. మరుసటి ఏడాది ఫ్యూచర్ బృందం 'యాసిడ్ ట్రాక్స్'తో మొదలైన, సింథ్ శబ్దాన్ని మెలితిప్పుతూ సాగే యాసిడ్ హౌస్ ధోరణికి అది దగ్గరి చుట్టం. అటు ఆ మొరటుతనం, ఇటు 'కెన్ యూ ఫీల్ ఇట్' మెత్తదనం, రెండూ ఒకే మనిషి, ఒకే రికార్డు. లారీ హర్డ్ అంటే మెత్తని కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మాత్రమే అనుకునేవాళ్లు ఈ రెండో వైపును వదిలేస్తారు. 1988-89లో గెర్కిన్ జెర్క్స్ అనే మారుపేరుతో చేసిన ట్రాకులు ఇంకా మొరటుగా ఉంటాయి.

ఇక అసలు విషయం: ఆ 'ఒకటే వరస'లో ఏముంది?

పరికరాలు రెండే, రోలాండ్ జూనో-60 సింథసైజర్, టీఆర్-909 డ్రమ్ మెషిన్. జూనో ఖరీదైన వాద్యం కాదు. ఒక్కో స్వరానికి ఒకే ఆసిలేటర్ (శబ్దం పుట్టించే భాగం), దాని కింద ఒక సబ్ ఆసిలేటర్ (అదే స్వరాన్ని కింది స్థాయిలో పలికేది), ఫిల్టర్ (శబ్దంలో పదును తగ్గించేది), చివర కోరస్ మీట. ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతుంది. ఆ కోరస్ నొక్కితే శబ్దం రెండు పక్కలకూ విచ్చుకుని కాస్త తడబడుతూ కదులుతుంది. టీఆర్-909 తయారైంది 1983 నుంచి 1985 వరకే. అసలు డ్రమ్స్‌లా మోగడం లేదని వృత్తి సంగీతకారులు పట్టించుకోలేదు, అమ్ముడుపోలేదు. అలా మార్కెట్‌లో ఓడిపోయిన యంత్రాలు పాత సామాను ధరకు దొరకబట్టే జేబులో పెద్దగా డబ్బు లేని షికాగో కుర్రవాళ్ల చేతికి వచ్చాయి. 909లో కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ), స్నేర్ (చిన్న డ్రమ్ము దెబ్బ) అనలాగ్ సర్క్యూట్ నుంచి పుడతాయి. హైహ్యాట్ (జంట తాళాలు), సింబల్ మాత్రం 6 బిట్ల శాంపిల్స్, అంటే తక్కువ నాణ్యతతో ముందే రికార్డు చేసి పెట్టిన శబ్దాలు. ఆ గరుకుదనం అందుకే.

ఆ ట్రాకులో బేస్ (అట్టడుగు స్వరాల వరస) ఒక చిన్న పదబంధం. అది ఎక్కడా తెంపు లేకుండా తిరుగుతుంది. దాని మీద కార్డ్స్ వస్తాయి, సాగుతాయి, పోతాయి. డ్రమ్స్‌లో కూడా పెద్ద హడావుడి లేదు, హైహ్యాట్, క్లాప్ ఒకటి వస్తుంటే ఇంకొకటి తప్పుకుంటుంది. మీకు మలుపు కనిపించకపోవడానికి కారణం, మీరు సినిమా పాట అలవాటుతో పల్లవి, చరణం కోసం ఎదురుచూడటం. ఇక్కడ మార్పు బాణీలో జరగదు, పొరల్లో జరుగుతుంది. బేస్ మారకుండానే దాని రంగు మారుతుంది, ఎందుకంటే పైన కార్డు మారిన ప్రతిసారీ కింది స్వరానికి కొత్త అర్థం వస్తుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది త్వరగా పట్టుబడదు, మనకు హార్మొనీ అలవాటు లేదు కనుక. గిటారు వాయించేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఖాళీ గురించి కూడా చెప్పాలి. ఆ కాలపు చాలా హౌస్ ట్రాకులు విన్నవాళ్లను ఒక్క క్షణం కూడా వదలవు. క్లాప్‌లు, తునకలైన మాటలు, పియానో దెబ్బలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. వాటిలో గొప్పవి లేవని కాదు. మార్షల్ జెఫర్సన్ 'మూవ్ యువర్ బాడీ'లో ఆ పియానో లేకపోతే పాటే లేదు. హర్డ్ మాత్రం డ్రమ్మరై ఉండి కూడా డ్రమ్స్‌ను వెనక్కి జరిపారు. నా అభిప్రాయంలో అది డ్రమ్మరు మాత్రమే చేయగల పని. తాళం ఎంత ఉంటే నిలబడుతుందో తెలిసినవాడికి అంతకు మించి పెట్టాల్సిన అవసరం కనిపించదు.

నేర్చుకునేవాళ్ల చేత ఈ ట్రాకును మళ్లీ చేయిస్తుంటాను. స్వరాలు పట్టుకోవడం వాళ్లకు పెద్ద పని కాదు, కంప్యూటర్‌లో జూనో నకలు ప్లగిన్ ఉంటుంది, 909 శబ్దాలు ఉచితంగా దొరుకుతాయి. అన్నీ సరిగ్గానే పెడతారు. వింటే మాత్రం లిఫ్టులో వేసే సంగీతంలా ఉంటుంది. ఎందుకో వెతికితే దాదాపు ప్రతిసారీ ఇవే కారణాలు:

కార్డ్స్‌ను గ్రిడ్‌కు (తెర మీది తాళపు గళ్లకు) అతికించడం. స్వరాలను ఆ గళ్లలోకి జరిపే క్వాంటైజ్ నొక్కగానే ప్రతి స్వరమూ ఒకే క్షణంలో మొదలవుతుంది. చేత్తో వాయిస్తే వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి దిగుతాయి. ఆ తేడా చెవికి విడిగా తెలియదు, కానీ అది లేకపోతే తెలుస్తుంది. డ్రమ్స్ యంత్రానికి వదిలేయండి, కార్డ్స్ మాత్రం చేత్తో వాయించి అలాగే ఉంచండి. తప్పు స్వరం పడితే ఆ ఒక్కటి దిద్దుకోండి.

ఫిల్టర్ మరీ తెరిచి ఉంచడం. ఇప్పటి ప్లగిన్లు మెరుపుగా మోగడానికి తయారైనవి, అవి తెరవగానే పై పౌనఃపున్యాలన్నీ వచ్చేస్తాయి. ఈ తరహా ప్యాడ్‌కు (మెత్తగా సాగే కార్డ్స్ శబ్దానికి) సగానికి పైగా మూయాలి. హైహ్యాట్ ఉండే చోటికి ప్యాడ్ రాకూడదు.

కిక్ బాగా పెంచడం. నేటి పండుగల డీజే సంగీతం విన్న చెవికి కిక్ అంటే గుండెల మీద గుద్దాలి. ఇక్కడ పాట నడిపేది బేస్. కిక్ దాని కింద మెట్టులా ఉంటే చాలు.

వేగం సంగతీ చూసుకోండి. నిమిషానికి 120 బీట్లకు కాస్త లోపలే ఉంటుంది ఆ ట్రాకు. మావాళ్లు అలవాటుగా 126 పెడతారు, అప్పుడు కార్డ్స్‌కు ఊపిరి ఆడదు.

ఒక గందరగోళం తీర్చాలి. మీరు విన్నది మాటలు లేని అసలు రూపం. అదే సంగీతం మీద చర్చి ప్రసంగంలా ఒకాయన హౌస్ పుట్టుక గురించి ఉపన్యసించే రూపం కూడా బాగా ప్రచారంలో ఉంది. ఆ గొంతు చక్ రాబర్ట్స్‌ది. అది 1987లో రిథమ్ కంట్రోల్ పేరుతో వచ్చిన 'మై హౌస్' అనే వేరే రికార్డులోది, తర్వాత దీని మీద కలిపారు. హర్డ్ అలా ఊహించి చేసింది కాదు.

ఆ తర్వాతి జీవితం త్వరగా చెబుతాను. 1988లో ఫింగర్స్ ఇంక్ 'అనదర్ సైడ్' ఆల్బమ్ వచ్చింది. అంతవరకు హౌస్ అంటే పన్నెండు అంగుళాల సింగిల్ రికార్డులే. ఒక బృందం పూర్తి ఆల్బమ్ చేయడం, అదీ ఇంట్లో కూర్చుని వినదగ్గదిగా చేయడం దాదాపు కొత్త. కొద్దికాలానికే బృందం విడిపోయింది. ఓవెన్స్ 1989లో ఫ్రాంకీ నకల్స్, సతోషి టోమియీలతో 'టియర్స్' పాడారు. 1992లో ఎంసీఏ అనే పెద్ద కంపెనీ మీద మిస్టర్ ఫింగర్స్ 'ఇంట్రడక్షన్' ఆల్బమ్ వచ్చింది. అందులో హర్డ్ తానే పాడిన పాటలున్నాయి. గొంతు పెద్దది కాదు, దాదాపు మాట్లాడినట్టు పాడతారు. 'వాట్ అబౌట్ దిస్ లవ్' వినండి. పెద్ద కంపెనీతో ఆ పొత్తు ఎక్కువ కాలం సాగలేదు. 1994లో 'సీనరీస్ నాట్ సాంగ్స్' పేరుతో మాటలు లేని సంగీతానికి తిరిగి వచ్చారు. 1990ల చివర షికాగో వదిలి మెంఫిస్‌లో స్థిరపడ్డారు. 2006లో గాయకుడు మిస్టర్ వైట్ గొంతుతో 'ద సన్ కాంట్ కంపేర్' వచ్చింది. అందులో 1987 నాటి యాసిడ్ శబ్దం మళ్లీ వినిపిస్తుంది, పాత జ్ఞాపకంలా కాకుండా పదునుగా. 2018లో, రెండు దశాబ్దాలకు పైగా విరామం తర్వాత, మిస్టర్ ఫింగర్స్ పేరుతో 'సెరెబ్రల్ హెమిస్ఫియర్స్' అనే ఆల్బమ్ వచ్చింది.

ప్రభావం ఎంత అంటే, సూటిగా ఆధారం చూపగలిగినవి చెబుతాను. అమెరికా ర్యాపర్ కాన్యే వెస్ట్ 2016లో 'ఫేడ్' అనే పాట చేశారు. దాని కింద నడిచేది 'మిస్టరీ ఆఫ్ లవ్' నుంచి తీసుకున్న తునక. క్యాసెట్ డెక్కుల మీద పుట్టిన బేస్ ముప్పై ఏళ్ల తర్వాత హిప్‌హాప్‌లో ప్రపంచమంతా తిరిగింది, విన్నవాళ్లలో చాలామందికి ఎవరిదో తెలియదు. పరోక్ష ప్రభావం ఇంకా పెద్దది. నిదానమైన వేగం, జాజ్‌లో వాడే సెవెన్త్, నైన్త్ కార్డ్స్, గుండ్రటి బేస్ కలిపి చేసే సంగీతం ఏ దేశంలో ఉన్నా ఈ దారిలో వచ్చిందే. ఈ దారి దక్షిణాఫ్రికాలో ఎంత పాతుకుపోయిందంటే డీప్ హౌస్ అక్కడ టాక్సీల్లో, పెళ్లిళ్లలో మోగే సంగీతం. అక్కడి డీజే బ్లాక్ కాఫీ 2022లో గ్రామీ గెలిచారు. వీళ్లందరూ హర్డ్‌ను అనుకరించారని నా వాదన కాదు. ఆయన తెరిచిన తలుపు లేకపోతే ఆ దారి అంత తొందరగా దొరికేది కాదు.

ఇక్కడ మనవాళ్లు తరచూ ఫార్వర్డ్ చేసే ఒక మాట గురించి. 'హౌస్‌ను భారతదేశమే కనిపెట్టింది' అంటూ చరణ్‌జీత్ సింగ్ పేరు తిప్పుతుంటారు. ఆయన బొంబాయి సినిమా సంగీతంలో పనిచేసిన వాద్యకారుడు. 1982లో టీబీ-303 (బేస్ యంత్రం), టీఆర్-808 (డ్రమ్ మెషిన్) మీద పది రాగాలు వాయించి రికార్డు తెచ్చారు. ఇప్పుడు వింటే యాసిడ్ హౌస్‌కు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంటుంది. అది నిజం. కానీ ఆ రికార్డు అప్పట్లో పెద్దగా ఎవరూ వినలేదు, 2010లో మళ్లీ విడుదలయ్యాకే ప్రపంచానికి తెలిసింది. షికాగో కుర్రవాళ్లు దాన్ని విని చేశారనడానికి ఏ ఆధారమూ లేదు. ఒకే యంత్రాలు ఇద్దరి చేతుల్లో పడ్డాయి, ఇద్దరూ వేర్వేరుగా దగ్గరి శబ్దాలకు చేరారు. సింగ్‌ను గౌరవించడానికి షికాగోను తక్కువ చేయనక్కర్లేదు.

డబ్బు, హక్కుల సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. 2020లో లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ కలిసి ట్రాక్స్ రికార్డ్స్ మీద కోర్టుకెళ్లారు. తమ పాటలకు దశాబ్దాలుగా రాయల్టీ అందలేదని, హక్కులు తమవేనని వాళ్ల వాదన. 2022లో రాజీ కుదిరి ఆ పాటల హక్కులు ఇద్దరికీ తిరిగి వచ్చాయి. 1986 నాటి పాట 36 ఏళ్లకు సొంతదారు చేతికి చేరింది. మరోవైపు 1985లోనే పెట్టుకున్న అలీవియేటెడ్ లేబుల్ ఆయన చేతిలోనే ఉంది, 2018 ఆల్బమ్ కూడా దాని మీదే వచ్చింది. సెషన్లలో నేను చేసిన చాలా శబ్దాలు, లూపులు ఎవరెవరి పాటల్లోనో ఉన్నాయి, కాగితం మీద నా పేరు లేదు. అడగడం నాకు అప్పట్లో ఎవరూ నేర్పలేదు, అడిగినవాళ్లను మళ్లీ పిలిచేవాళ్లు కాదు. మీరు మొదటి ట్రాకు ఎవరికైనా ఇచ్చేముందు ఎవరి పేరు మీద ఉంటుంది, ఎన్నేళ్లు, ఏ దేశాలకు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్ సందేశం కూడా లేకపోవడం కంటే నయం.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు 'మిస్టరీ ఆఫ్ లవ్', తర్వాత 1986 రికార్డు మొత్తం, ఆ తర్వాత 'అనదర్ సైడ్'. ఫోను స్పీకరులో వినకండి, దాని మీద ఈ బేస్ సగం వినిపించదు. మామూలు హెడ్‌ఫోన్లు చాలు, శబ్దం మాత్రం మితంగా పెట్టుకోండి. వినికిడి దెబ్బతినడం వల్ల హర్డ్ 2012లో డీజే పని నుంచి తప్పుకోవలసి వచ్చింది. కొన్నేళ్ల తర్వాత లైవ్ ప్రదర్శనలతో తిరిగొచ్చారు.

విన్న తర్వాత చేయాల్సిన పని: మీ సాఫ్ట్‌వేర్‌లో మూడు ట్రాకులే తెరవండి, డ్రమ్స్, బేస్, కార్డ్స్. వేగం 118 దగ్గర పెట్టండి. రెండు బార్ల (ఎనిమిది బీట్ల) బేస్ ఒకటి రాసి లూప్ చేయండి, దాన్ని ఇక ముట్టుకోవద్దు. దాని మీద కార్డ్స్‌ను ఐదు నిమిషాలు ఆపకుండా చేత్తో వాయించి రికార్డు చేయండి. చివర్లో డ్రమ్స్ కలపండి, కలిపిన ప్రతి శబ్దాన్నీ ఒకసారి మ్యూట్ చేసి చూడండి. తీసేసినా పాట నిలబడితే దాన్ని తీసే ఉంచండి.